ఇద్దరు పిల్లలు, ఒకే పళ్ళ డాక్టర్: ఒకరికి ఏమీ వద్దన్నారు, ఒకరికి ఆగొద్దన్నారు

ముందే చెప్పేస్తున్నా, ఇది కాస్త పొడుగు రివ్యూ. రెండేళ్ళ కిందట ఇలాంటిది ఒక్కటైనా దొరుకుతుందేమోనని రాత్రిళ్ళు ఫోన్ పట్టుకుని తెగ వెతికాను. "డాక్టర్ చాలా మంచివారు, స్టాఫ్ బాగా మాట్లాడతారు" అని ఐదు స్టార్లు గుద్దినవాళ్ళే తప్ప, పిల్లకి నోట్లో దవడ వెడల్పు చేసే సామాను పెట్టించుకుని ఇంటికొచ్చాక ఏం జరుగుతుందో రాసినవాళ్ళు ఒక్కరూ కనిపించలేదు. క్లినిక్ పేరు రాయట్లేదు, పొగడ్తలతో పాటు ఫిర్యాదులూ ఉన్నాయి కాబట్టి. నిజానికి నేను చెప్పాలనుకున్నది ఆ క్లినిక్ గురించి కన్నా, చిన్నప్పుడే చేసే ఈ ట్రీట్‌మెంట్ గురించి.

అప్పటికి పెద్దాడికి 10 ఏళ్ళు, చిన్నదానికి 8. పెద్దాడి పై ముందు పళ్ళ మధ్య అగ్గిపుల్ల పట్టేంత సందు, వాటి పక్క పళ్ళు రెండూ విసనకర్రలా బయటికి విచ్చుకుని ఉండేవి, చూసినవాళ్ళంతా "వీడికి క్లిప్పులు వేయించరా?" అని అడిగేవాళ్ళే. చిన్నదాని పళ్ళు చూడ్డానికి చక్కగానే ఉండేవి. వెళ్ళింది వాడి కోసం. దాన్ని ఇంట్లో ఒక్కదాన్నీ వదల్లేక వెంటబెట్టుకెళ్ళాం, అంతే.

మొదట వెళ్ళిన చోట ఇద్దరి నోట్లోనూ చెరో అర నిమిషం అద్దం పెట్టి చూసి, ఎక్స్-రే కూడా తీయకుండా, ఇద్దరికీ కలిపి ప్యాకేజీ చెప్పేశారు. "ఇప్పుడు మొదలుపెడితే పెద్దయ్యాక మళ్ళీ అవసరమే ఉండదు" అన్నది వాళ్ళ మాట. మా ఆయన "ఆలోచించుకుని చెప్తాం" అని లేచారు. ఆ "అవసరమే ఉండదు" అన్న మాట ఎవరైనా మీతో అంటే మీరూ లేవండి, ఎందుకో కిందకి వెళ్ళేసరికి మీకే తెలుస్తుంది.

రెండోచోట, అంటే ఈ రివ్యూలోని క్లినిక్‌లో, ఆర్థోడాంటిస్ట్ (పళ్ళ వరస, దవడ సరిచేసే డాక్టర్) ముందు పెద్దాడి పై పెదవి పైకెత్తి చిగురు మీద వేలితో తడిమి చూశారు. తర్వాత నా వేలు పట్టుకుని అక్కడ పెట్టించారు. రెండు పక్కలా గట్టిగా, చిన్న బొడిపెల్లా తగిలాయి. అవి దిగబోతున్న కోరపళ్ళట. అవి లోపల పక్కపళ్ళ వేర్లని నొక్కడం వల్ల పళ్ళు అలా విచ్చుకుని సందు కనిపిస్తుందట, కోరపళ్ళు దిగాక చాలామందికి అదే మూసుకుపోతుందట. దవడ మొత్తం కనిపించే ఎక్స్-రే తీసి, రెండు కోరపళ్ళూ దారి తప్పకుండా నేరుగానే వస్తున్నాయని చూపించి "వీడికి ఇప్పుడేం చేయొద్దు, ఆరు నెలలకోసారి చూపించండి చాలు" అన్నారు. కోరపళ్ళు అడ్డంగా తిరిగుంటే మాత్రం ఈ వయసులోనే పాల కోరపన్ను తీసేసి దారి ఇవ్వచ్చట, ఆలస్యమైతే చిగురు కోసి లాక్కురావాల్సి వస్తుందట. నిజం చెప్పాలంటే నాకు కాస్త నిరాశగానే అనిపించింది. ఇంతమంది అడుగుతుంటే ఏమీ చేయకుండా పంపిస్తారేంటి అని. ఇప్పుడు వాడికి 12, ఆ సందు ఎటుపోయిందో తెలియదు. కింద పళ్ళు కాస్త ఇరుగ్గా ఉన్నాయి, పాలపళ్ళన్నీ ఊడాక చూద్దామన్నారు.

మేం లేవబోతుంటే "పాపని కూడా కూర్చోబెట్టండి ఒకసారి" అన్నారు.

దాన్ని నోరు బాగా తెరిచి, మెల్లగా, చాలా మెల్లగా మూయమన్నారు. నేను పక్కనే నిలబడి చూశాను. పళ్ళు తగిలీ తగలకముందే కింది దవడ టక్కున కుడివైపుకి జరిగి అప్పుడు మూసుకుంది. గడ్డం మధ్య గీతకి పక్కగా ఉంది. ఫొటోల్లో దాని నవ్వు ఒక పక్కకి ఉంటే అది దాని స్టైల్ అనుకున్నామండీ ఇన్నాళ్ళూ! ముద్దుగా ఉందని గోడకి కూడా తగిలించాం. విషయమేంటంటే పై దవడ ఇరుకు, కింది దవడకి సరిగ్గా మూత పడట్లేదు, అందుకని అది పక్కకి జరిగి చోటు వెతుక్కుంటోంది. దీన్ని క్రాస్‌బైట్ అంటారు, పై పళ్ళు కింది పళ్ళకి బయటగా ఉండాల్సింది లోపలికి పడటం. ఎదిగే వయసులో ఏళ్ళ తరబడి అలా జరుగుతూ ఉంటే ఎముక కూడా అలా వంకరగానే ఎదిగే ప్రమాదం ఉందన్నారు.

మరి పాపదెందుకు ఆగకూడదు, పెద్దాడిదెందుకు ఆగచ్చు అంటే, ఆయన చెప్పింది నాకు అర్థమైనంతలో ఇది. పై దవడ ఒకటే ఎముక కాదు, అంగిలి మధ్యలో అతుకు ఉంటుంది, చిన్నపిల్లల్లో ఆ అతుకు ఇంకా గట్టిపడదు కాబట్టి మెల్లగా తోస్తే రెండు సగాలూ విడిపోయి మధ్యలో కొత్త ఎముక నిండుతుంది. టీనేజ్ దాటే కొద్దీ అతుకు బిగుసుకుపోతుంది, అప్పుడు ఇదే పనికి ఎముకలోకి స్క్రూలు, ఒక్కోసారి ఆపరేషన్ కావాలి. పళ్ళని వరసగా జరపడం 13 ఏళ్ళకైనా 30 ఏళ్ళకైనా అవుతుంది, ఎముక మాత్రం మన కోసం కూర్చోదు. అమెరికన్ అసోసియేషన్ ఆఫ్ ఆర్థోడాంటిస్ట్స్ వాళ్ళు 7 ఏళ్ళకల్లా ఒకసారి చూపించమనేది అందుకేనట, ఆపాటికి శాశ్వత దవడపళ్ళు, ముందు పళ్ళలో కొన్ని వచ్చేస్తాయి, కరుచుకోవడం ఎలా ఉందో తెలిసిపోతుంది. గమనించండి, 7 ఏళ్ళకి చూపించమన్నారు, క్లిప్పులు వేయించమనలేదు.

ఇక అసలు కథ ఎక్స్‌పాండర్, అంటే పై దవడని వెడల్పు చేసే సామాను. ముందుగా, వెనక దవడపళ్ళ సందుల్లో చిన్న రబ్బరు రింగులు పెట్టి వారం ఉంచారు, చోటు కోసం. ఆ వారం అది మెత్తటివే తింది. తర్వాత కొలత తీసి, అంగిలికి అడ్డంగా మధ్యలో స్క్రూ ఉన్న లోహపు సామాను ఒకటి దవడపళ్ళకి అంటించారు. తీసి పెట్టుకునేది కాదు, అంటిస్తే అంతే. మా చేతికి ఒక కీ ఇచ్చారు. రోజుకి ఒక్క తిప్పు, తిప్పుకి పావు మిల్లీమీటరు, మాకు 28 రోజులు. లెక్క వేసుకోండి, 7 మిల్లీమీటర్లు.

మొదటి రాత్రి తలుచుకుంటే ఇప్పటికీ చెమట పడుతుంది. దాన్ని మంచం మీద వెల్లకిలా పడుకోబెట్టి, మా ఆయన ఫోన్ టార్చ్ పట్టుకుంటే, నేను కీ దారం నా చేతికి చుట్టుకుని (జారి గొంతులోకి పోకుండా ఆ దారం, దయచేసి దారం లేకుండా తిప్పకండి) స్క్రూకి ఉన్న సన్నటి చిల్లులో దూర్చి గొంతు వైపుకి తోశాను. తర్వాతి చిల్లు ముందు పూర్తిగా కనిపించేదాకా తోయాలి. సగంలో ఆపి కీ తీస్తే తోసింది వెనక్కి వచ్చేస్తుంది, మరుసటి రోజు చిల్లు దొరకదు. మూడోరోజు మాకు అదే అయింది, క్లినిక్‌కి పరుగెత్తాం. అది "నొప్పి లేదమ్మా, ముక్కు దగ్గర ఎవరో గట్టిగా పట్టుకున్నట్టుంది" అనేది. ఐదు నిమిషాలకి అదీ పోయేది. పదో రాత్రికి తనే "ఈరోజు ఎన్నోది?" అని అడిగి కేలెండర్ మీద టిక్కు పెట్టుకునేది.

రెండో వారంలో అద్దం ముందు నుంచి కేక పెట్టింది. "అమ్మా, నా పన్ను పక్కకి పారిపోతోంది!" అతుక్కుని ఉన్న ముందు పళ్ళు రెండింటి మధ్యా సందు. ఇది వస్తుందని, వస్తేనే అతుకు విడుతున్నట్టు గుర్తని డాక్టర్ ముందే చెప్పారు కాబట్టి సరిపోయింది, లేకపోతే నేనూ దానితో పాటు ఏడ్చేదాన్ని. తిప్పడం ఆపాక కొన్ని వారాల్లో ఆ సందు తనంతట తనే దగ్గరికొచ్చింది.

తిప్పడం అయిపోయాక సామాను తీసేస్తారనుకున్నాను. కాదు. విడిన చోట ఎముక నిండాలి కదా, ఇంకో 6 నెలలు అలాగే ఉంచారు. అది తీశాక అంగిలి మీద దాని అచ్చు ఎర్రగా పడి ఉంది, వారానికి పోయింది. ఆ తర్వాత తీసి పెట్టుకునే ప్లేటు ఇచ్చారు.

ఇప్పుడు ఫిర్యాదులు. మొదటిది, మాట ముద్దగా వస్తుందని, లాలాజలం ఊరి దిండు తడిసిపోతుందని ఒక్కరూ ముందు చెప్పలేదు. మొదటి పది రోజులు 'స' అంటే 'ష' అయ్యేది, క్లాసులో చదవమంటే లేవలేదట. ముందే తెలిస్తే సెలవులప్పుడు మొదలుపెట్టేవాళ్ళం. రెండోది, కీ ఎలా తిప్పాలో స్టాఫ్ అమ్మాయి రెండే నిమిషాల్లో చూపించేసింది, మా చేత ఒక్కసారి కూడా తిప్పించలేదు. మూడోది, ఒక ఆదివారం సామానుని పంటికి పట్టి ఉంచే రింగు వదులై అది ఊగుతుంటే ఇచ్చిన ఎమర్జెన్సీ నంబరు ఎవరూ ఎత్తలేదు, మర్నాటిదాకా పిల్ల ఏమీ నమలకుండా గడిపింది. నాకున్న కోపమంతా దీని మీదే. అపాయింట్‌మెంట్ ఉన్నా గంట కూర్చోబెట్టడం సంగతి సరే, అది అలవాటైపోయింది. శుభ్రం విషయంలో తప్పు మాదే, సామాను కింద ఇరుక్కున్నది సరిగ్గా కడక్క ఒకసారి చిగురు వాచింది.

ఇంకో ముఖ్యమైన విషయం డబ్బు గురించి. ఇది మొదటి దశ మాత్రమే, పళ్ళన్నీ వచ్చాక క్లిప్పులు అవసరం పడచ్చు, దాని బిల్లు వేరు. మాకిది కాగితం మీద రాసిచ్చారు, మీరు అడిగి మరీ రాయించుకోండి. చుట్టాలు "అన్ని నెలలు పెట్టారు, ఇంకా వరస కుదరలేదే?" అంటున్నారు. వరస కోసం కాదు మహాప్రభో అది! గడ్డం మధ్యకొచ్చింది, మూస్తే దవడ జరగట్లేదు, రెండు పక్కలా నమలగలుగుతోంది. మాకు కావాల్సింది అదే.

ఎత్తుపళ్ళ పిల్లలున్నవాళ్ళు కూడా నన్ను అడుగుతున్నారు. నాకు డాక్టర్ చెప్పింది, తర్వాత కాక్రేన్ (వైద్య పరిశోధనలన్నీ కలిపి బేరీజు వేసే సంస్థ) వాళ్ళు 2018లో ఇచ్చిన సమీక్షలో నేను చదివింది ఒకటే. చిన్నప్పుడు మొదలుపెట్టి రెండు దశల్లో చేస్తే ముందు పళ్ళు దెబ్బ తగిలి విరిగే అవకాశం తగ్గుతుంది, అంతకు మించి, టీనేజ్‌లో ఒకేసారి చేసినదానికన్నా చివరికి ఒరిగేదేమీ లేదు. కాబట్టి పిల్లాడు రోజూ ఎక్కడో ఒకచోట పడి లేచే రకమైతే ఆలోచించండి, లేకపోతే తొందరేం లేదు. కింది దవడ ముందుకొచ్చిన పిల్లలది మాత్రం వేరే లెక్క, వాళ్ళని త్వరగా చూపించాలి. బొటనవేలు నోట్లో పెట్టుకునే అలవాటు ముందు పళ్ళు వచ్చే వయసుకీ పోకపోయినా, పుచ్చి పాల దవడపన్ను ముందే తీయించాల్సి వచ్చినా అంతే. పక్క పళ్ళు ఒరిగిపోకుండా ఆ ఖాళీని పట్టి ఉంచే చిన్న తీగ ఒకటి పెడతారు, దానితో తర్వాత చాలా గొడవ తప్పుతుంది. దవడ వెడల్పు చేస్తే గురక పోతుంది, చదువు బాగా వస్తుంది అని అమ్మేవాళ్ళు కూడా తగిలారు మాకు, వినేసి వచ్చేశాం.

మార్కులంటే, డాక్టర్‌కి 5కి 5, ముఖ్యంగా పెద్దాడికి వద్దన్నందుకు. క్లినిక్‌కి 3, ఆ ఫోన్ ఎత్తనందుకు. మొన్న ఇద్దరినీ చెకప్‌కి తీసుకెళ్తే చిన్నదాని చిగురు మీద ఈసారి నేనే వేలు పెట్టి తడిమాను, బొడిపెలు ఇంకా తగల్లేదు. "ఆరు నెలలాగి రండి" అన్నారు.