మర్మ చికిత్స ఆన్‌లైన్ కోర్సు కొంటున్నారా? డబ్బు కట్టే ముందు ఇవి అడగండి

“వారం రోజుల్లో మర్మ థెరపిస్ట్ అవ్వండి, ఇంట్లో కూర్చునే సంపాదించండి” అనే ప్రకటనలు ఈ మధ్య ఫోన్ తెరిస్తే చాలు కనిపిస్తున్నాయి. మర్మ చికిత్స అంటే ఒంట్లో మర్మాలనే చోట్లను నొక్కి నయం చేసే పద్ధతి. అలాంటి ఒక కోర్సు కొని నష్టపోయినవాళ్ల దగ్గరున్న వీడియోలు, చార్టు, పీడీఎఫ్, రసీదు అన్నీ చూశాకే ఈ హెచ్చరిక రాస్తున్నాం. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. ఇలాంటివాళ్లు పేరు మార్చుకుని మళ్లీ వస్తారు. వాళ్ల పద్ధతిని గుర్తుపట్టడమే మీకు పనికొస్తుంది.

మర్మ విద్య బూటకం అని మేం అనడం లేదు. సుశ్రుత సంహిత శారీరస్థానంలో ఆరో అధ్యాయం మొత్తం మర్మాల గురించే. మాంసం, సిర, స్నాయువు, ఎముక, సంధి కలిసే చోటు, ప్రాణం నిలిచే చోటు మర్మం. మాంస మర్మాలు 11, సిరా మర్మాలు 41, స్నాయు మర్మాలు 27, అస్థి మర్మాలు 8, సంధి మర్మాలు 20, వెరసి 107. కాళ్లూ చేతుల్లో 44, మొండెంలో 26, మెడ నుంచి పైకి 37. ఈ లెక్క అన్ని కోర్సులూ చెబుతాయి. అసలు సంగతి దాని తర్వాత ఉంది. ఆ అధ్యాయం రాసింది శస్త్రవైద్యుల కోసం. ఎక్కడ గాయమైతే మనిషి పోతాడు, ఎక్కడ గాయమైతే అవిటివాడవుతాడు, కత్తి పెట్టేటప్పుడు ఏ చోటు తప్పించాలి అన్నదే అందులో విషయం. మర్మజ్ఞానం శల్యతంత్రంలో, అంటే శస్త్రవైద్యంలో, సగం అని అక్కడే చెప్పారు. వేలితో ఎంత బరువు వేయాలి, ఎన్ని నిమిషాలు నొక్కాలి అన్నది ఆ అధ్యాయంలో లేదు. నొక్కి నయం చేసే పద్ధతి కేరళ కళరి (యుద్ధవిద్య) గురువుల దగ్గర, తమిళనాడు వర్మ వైద్యుల దగ్గర చేతి నుంచి చేతికి వచ్చిన విద్య. ఇప్పటి ఆయుర్వేద వైద్యులు కొందరు దాన్ని శాస్త్రంతో కలిపి వాడుతున్నారు. కాబట్టి “సుశ్రుతుడు చెప్పిన 3 నిమిషాల పద్ధతి” అని ఎవరైనా అంటే అక్కడే ఆగండి.

డబ్బు కట్టే ముందు ఆ ‘గురువు’ను ఒక్క ప్రశ్న అడగండి: సద్యఃప్రాణహర మర్మాలు, అంటే గాయమైతే వెంటనే ప్రాణం తీసేవి, ఎన్ని, ఎక్కడెక్కడ ఉన్నాయి? అవి 19. తలలో శృంగాటకాలు 4, నడినెత్తిన అధిపతి 1, కణతల్లో శంఖాలు 2, మెడలో సిరామాతృకలు 8, హృదయం, నాభి, వస్తి (మూత్రాశయం), గుదం ఒక్కొక్కటి. తర్వాత కొంతకాలానికి ప్రాణం తీసే కాలాంతర ప్రాణహరాలు 33, గుచ్చుకున్నది పీకితే ప్రాణం పోయే విశల్యఘ్నాలు 3, అవిటితనం తెచ్చే వైకల్యకరాలు 44, నొప్పి పెట్టే రుజాకరాలు 8. నిజంగా చదువుకున్నవాళ్లు దీనికి తడుముకోరు. మేం చూసిన కోర్సులో 40కి పైగా వీడియోలున్నాయి. ఈ విభజన ఒక్కదాంట్లోనూ లేదు. దానికి బదులు ఏడు చక్రాలు, ఆరా, రేకీ చిహ్నాలు, ఆక్యుప్రెషర్ పాదాల బొమ్మ ఉన్నాయి. చక్రాలు యోగశాస్త్రానికి చెందినవి. ఆక్యుప్రెషర్‌కు మూలమైన ఆక్యుపంక్చర్ చైనా విద్య, అందులో ప్రామాణిక బిందువులు 361. తమిళ వర్మంలో 108: పడువర్మాలు 12, తొడువర్మాలు 96. దేని లెక్క దానిది, దేని జాగ్రత్తలు దానివి. అన్నీ ఒకే చార్టు మీద పోసి ‘ఎనర్జీ పాయింట్లు’ అని పేరు పెడితే ఏ చుక్క ఏ శాస్త్రానిదో నేర్చుకునేవాళ్లకు ఎప్పటికీ తెలియదు.

ప్రాణహరం అన్నారు కదా అని కణతల దగ్గర శంఖాలను మెల్లగా నిమిరితే ఏదో అయిపోతుందని భయపడకండి. గ్రంథం చెప్పింది గాయం గురించి. కానీ ఆ చోట్లలో చాలావాటి కింద పెద్ద రక్తనాళాలు, నరాలు, మెత్తటి అవయవాలు ఉన్నాయి. గట్టిగా నొక్కితే ప్రమాదం ఎక్కడ వస్తుందో చెప్పని కోర్సు ఎంత చవగ్గా వచ్చినా కొనదగ్గది కాదు.

చార్టు సంగతి చూడండి. “మణికట్టు నుంచి 5 సెంటీమీటర్లు” అంటూ అన్ని చుక్కలకూ స్కేలు కొలతలే ఇచ్చారు. మర్మాల కొలత అంగుళాల్లో ఉంటుంది. ఆ అంగుళం ఇంచీ కాదు, రోగి సొంత వేలి వెడల్పు. వెడల్పు చూస్తే కూర్చశిరం, ఊర్వి, విటపం, కక్షధరం అనే మర్మాలు ఒక అంగుళం. మణిబంధం, గుల్ఫం, స్తనమూలం రెండు. జాను, కూర్పరం మూడు. హృదయం, నాభి, వస్తి వంటివి ఎవరి అరచేయి వాళ్లకు కొలత. మిగిలిన 56 అర అంగుళమే. పదేళ్ల పిల్లకీ ఆరడుగుల మనిషికీ ఒకే సెంటీమీటరు లెక్క పెడితే అర అంగుళం మర్మం దగ్గర వేలు పూర్తిగా పక్కకి పోతుంది. రోగి వేళ్లతోనే కొలిచి, ఎముక అంచునీ నాడి కొట్టుకునే చోటునీ తడిమి చూసుకున్నాకే నొక్కాలి. ఈ తడిమే పని వీడియో చూసి రాదు. గురువు తన వేలు మీ వేలి మీద పెట్టి ఎంత బరువో చూపించాలి.

ఇప్పుడు అన్నిటికంటే ముఖ్యమైన విషయం. మేం చూసిన ఒక వీడియోలో గొంతుకు రెండు పక్కలా బొటనవేళ్లు పెట్టి ‘బీపీ తగ్గడానికి’ ఒకేసారి నొక్కమని చెప్పారు. నీల, మన్య, సిరామాతృకలు అనే మర్మాలు ఉన్న చోటు అది. మెదడుకు రక్తం తీసుకెళ్లే పెద్ద ధమని అక్కడే కొట్టుకుంటూ ఉంటుంది. దాన్ని నొక్కితే గుండె వేగం ఒక్కసారిగా పడిపోయి మనిషి స్పృహ తప్పవచ్చు. వయసు మళ్లినవాళ్లలో ఆ ధమని గోడకు కొవ్వు పేరుకుని ఉంటే ఒక ముక్క ఊడి మెదడుకు వెళ్లి పక్షవాతం రావచ్చు. ఆసుపత్రిలో గుండె డాక్టర్లు పరీక్ష కోసం ఇక్కడ నొక్కాల్సి వస్తే ముందు స్టెతస్కోపు పెట్టి వింటారు, ఈసీజీ చూస్తూ నొక్కుతారు, అదీ ఒక పక్కనే. రెండు పక్కలా ఒకేసారి ఎవరూ నొక్కరు. ఈ ఒక్క వీడియో ఉన్నా చాలు, ఆ కోర్సు పక్కన పడేయండి.

పిక్కలో ఇంద్రవస్తి అనే మర్మం ఉంది. “పిక్క నొప్పికి గట్టిగా నొక్కండి” అన్నది ఇంకో పాఠం. ఒక్క కాలే వాచి, వేడిగా ఉండి, నొప్పి పెడుతుంటే లోపలి సిరలో రక్తం గడ్డకట్టి ఉండవచ్చు. ఆపరేషన్ అయి మంచం మీద ఉన్నవాళ్లలో, దూర ప్రయాణం చేసి వచ్చినవాళ్లలో, బాలింతల్లో ఈ అనుమానం ఇంకా ఎక్కువ. ఆ గడ్డ కదిలి ఊపిరితిత్తులకు చేరితే ప్రాణం మీదికి వస్తుంది. అలాంటి కాలిని నొక్కకూడదు, డాప్లర్ స్కానింగ్‌కి (రక్తనాళాల స్కాన్) పంపాలి.

షుగర్ ఉన్నవాళ్ల పాదాలు మరో ప్రమాదం. కోర్సు అంతటా “నొప్పి తెలిసేదాకా నొక్కండి” అనే సూత్రమే. పాదాల్లో స్పర్శ పోయినవాళ్లకు నొప్పి తెలియదు. బొటనవేలికీ పక్కవేలికీ మధ్య క్షిప్రం దగ్గరో, అరికాలి మధ్య తలహృదయం దగ్గరో కర్రముక్కతో నొక్కుతూనే ఉంటారు, చర్మం కమిలి పుండవుతుంది. కిట్‌లో ఆ కర్ర కూడా అమ్మారు. వేడి నూనె కూడా అంతే, వేడి ఎంతో రోగికి తెలియదు కాబట్టి చేసేవాళ్లు తమ మణికట్టు లోపలి వైపు వేసుకుని చూడాలి. వార్ఫరిన్, క్లోపిడోగ్రెల్ లాంటి రక్తం పలచబరిచే మందులు వాడేవాళ్లకు, ఎముకలు గుల్లబారినవాళ్లకు గట్టి ఒత్తిడి పనికిరాదు. గర్భిణికి పొట్ట, నడుము జోలికి వెళ్లకూడదు. అపాంగం అనే మర్మం కంటి బయటి కొస దగ్గర ఉంది. అక్కడ వేలు ఎముక అంచు మీదే ఉండాలి, కనుగుడ్డును నొక్కితే గుండె వేగం పడిపోవచ్చు. చంక దగ్గర కక్షధరం నొక్కేటప్పుడు వేళ్లలో తిమ్మిరి మొదలైతే నరం నలుగుతోందని అర్థం, వెంటనే వదలాలి. మంచి గురువు మొదటి పాఠంలో నేర్పేది నొక్కడం కాదు. రోగిని కూర్చోబెట్టి ఇవన్నీ అడిగి ఫారం నింపడం నేర్పిస్తారు.

కిట్‌లోని నూనె సీసా కూడా తిప్పి చూడండి. క్షీరబల తైలమైనా మహానారాయణ తైలమైనా లేబుల్ మీద తయారీ లైసెన్సు నంబరు, బ్యాచ్ నంబరు, తయారీ తేదీ, గడువు, పదార్థాల జాబితా ఉండాలి. ‘గురూజీ స్పెషల్ మర్మ ఆయిల్’ అని స్టిక్కర్ మాత్రమే ఉంటే ఒంటికి రాయకండి.

సర్టిఫికెట్ మీద ముద్రలు చూసి చాలామంది నమ్ముతున్నారు. ఐఎస్ఓ 9001 అంటే సంస్థ నిర్వహణ పద్ధతికి ఇచ్చేది, అందులో నేర్పే పాఠం సరైనదని కాదు. ఉద్యమ్ రిజిస్ట్రేషన్ చిన్న వ్యాపారాల నమోదు మాత్రమే. ఆయుర్వేద వైద్యం చేయాలంటే బీఏఎంఎస్ (ఆయుర్వేద డిగ్రీ) చదవాలి: నాలుగున్నరేళ్ల చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. ఆపైన 2020 నాటి భారతీయ వైద్య విధానాల జాతీయ కమిషన్ చట్టం ప్రకారం రిజిస్టర్‌లో పేరు ఎక్కాలి. గురువు పేరు ముందు ‘డాక్టర్’ ఉంటే రిజిస్ట్రేషన్ నంబరు అడగండి. సహాయకుడిగా పనిచేయాలనుకుంటే పంచకర్మ టెక్నీషియన్ లాంటి నైపుణ్య కోర్సులున్నాయి, జాతీయ అర్హతల రిజిస్టర్‌లో పేరు వెతికి చూసుకోవచ్చు. అమెరికాలో ఉన్న మనవాళ్లకు డాలర్లలో అమ్ముతూ “ఎక్కడైనా ప్రాక్టీసు చేసుకోవచ్చు” అంటున్నారు. అక్కడ చాలా రాష్ట్రాల్లో డబ్బు తీసుకుని మర్దన చేయాలంటే ఆ రాష్ట్రం ఇచ్చే లైసెన్సు కావాలి. ఈ కాగితం అందుకు పనికిరాదు.

డబ్బు గుంజే దారి దాదాపు ఒకేలా ఉంటుంది. నామమాత్రపు రుసుముతో వెబినార్, చివర్లో “ఈ రాత్రి 12 లోపు కడితేనే ఈ ధర”, తర్వాత లెవెల్ వన్, లెవెల్ టూ, మాస్టర్. చేత్తో చేయించే క్లాసు ఎప్పుడూ ‘తర్వాతి లెవెల్’లోనే ఉంటుంది. కట్టే ముందు రాతపూర్వకంగా నాలుగు విషయాలు తెప్పించుకోండి: మొత్తం గంటలు, అందులో ఎదురెదురుగా చేయించే గంటలు, ఒక గురువుకు ఎంతమంది విద్యార్థులు, డబ్బు వాపసు షరతులు. 18 శాతం జీఎస్టీ వసూలు చేస్తే బిల్లు మీద 15 అక్షరాల జీఎస్టీ నంబరు ఉండాలి. తెలంగాణదైతే 36తో, ఆంధ్రప్రదేశ్‌దైతే 37తో మొదలవుతుంది. జీఎస్టీ పోర్టల్‌లో కొడితే ఎవరి పేరు మీదుందో తెలుస్తుంది. ఎవరో వ్యక్తి సొంత యూపీఐకి పంపమంటే పంపకండి.

నో కాస్ట్ ఈఎంఐ దగ్గర ఇంకా జాగ్రత్త. అది మీ పేరు మీద ఒక ఫైనాన్స్ సంస్థ ఇచ్చే అప్పు. కోర్సు నచ్చక మానేసినా వాయిదాలు ఆగవు, ఆపితే సిబిల్ స్కోరు పోతుంది. తీసుకుని ఒకటి రెండు రోజులే అయితే అప్పు పత్రంలో ‘కూలింగ్ ఆఫ్’ గడువు ఎంతో చూడండి. ఆ లోపు అసలు, ఆ కొద్ది రోజుల వడ్డీ కట్టి బయటపడొచ్చు.

ఇప్పటికే కట్టేసినవాళ్లు డబ్బు వెనక్కి అడిగే ముందే సాక్ష్యాలు దాచుకోండి. అడిగిన వెంటనే వాట్సాప్ గ్రూపు నుంచి తీసేస్తారు, కోర్సు లాగిన్ ఆపేస్తారు. ప్రకటన, ధర పేజీ స్క్రీన్‌షాట్లు తీసి, గ్రూపు చాట్ ఎక్స్‌పోర్ట్ చేసుకుని, రసీదు దాచుకుని, ఆ తర్వాతే ఈమెయిల్‌లో వాపసు అడగండి. ఫోన్‌లో మాట్లాడితే ఆధారం మిగలదు. జవాబు రాకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి చెప్పండి. అక్కడా తేలకపోతే మీరు ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేయొచ్చు, వాళ్ల ఊరికి పోనక్కర్లేదు. 5 లక్షల లోపు కట్టిన వ్యవహారానికి ఫీజు లేదు, గడువు రెండేళ్లు.

నేర్చుకోవాలన్న ఆసక్తి నిజంగా ఉంటే కోర్సు సిలబస్ కాగితం తీసుకుని హైదరాబాద్ ఎర్రగడ్డ, వరంగల్, విజయవాడ, తిరుపతి ఆయుర్వేద కళాశాలల్లో మీకు దగ్గరున్నదానికి వెళ్లి రచనాశారీరం (శరీర నిర్మాణ శాస్త్రం) లేదా శల్యతంత్రం చెప్పే అధ్యాపకులకు చూపించండి. తప్పులెక్కడున్నాయో వాళ్లు కాసేపట్లోనే చెప్పగలరు.

చివరి వీడియోలో “మర్మ చికిత్స మొదలుపెట్టాక షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు మెల్లగా మానేయొచ్చు” అని ఉంది. ఈ కోర్సు చేసి ఇంట్లోవాళ్ల మీద, ఇరుగుపొరుగు మీద ప్రయోగిస్తున్నవాళ్లు మెడ నొక్కడం ఈరోజే ఆపేయండి. ఆ మాట విని మాత్రలు మానేసినవాళ్లు ఎవరైనా ఉంటే ఈ పూటే షుగర్, బీపీ చూపించి, ఆ మాత్రలు రాసిన డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లండి.