విజయనగరంలో కట్టుకున్న దూరదర్శినికి తెప్పించిన ఆరంగుళాల దర్పణం కిట్: నా అనుభవం

1986లో హేలీ తోకచుక్క కోసం కార్బొరండం పొడితో నెలల తరబడి గాజు అరగదీసి, అంచు వాలిపోయిన దర్పణంలో మసక మచ్చను మాత్రమే చూడగలిగిన నేను, మళ్లీ టెలిస్కోపు కట్టాలనిపించినప్పుడు అంత ఓపిక లేక ఆన్‌లైన్‌లో న్యూటోనియన్ (దర్పణాలతో పనిచేసే దూరదర్శిని) కిట్ తెప్పించుకున్నాను. 150 మిల్లీమీటర్ల ప్రధాన దర్పణం, వాలుగా అమర్చే చిన్న దర్పణం, కన్ను పెట్టి చూసే 25, 10 మిల్లీమీటర్ల ఐపీసులు, వాటిని ముందుకూ వెనక్కూ జరిపి బింబాన్ని స్పష్టం చేసే ఫోకసర్ భద్రంగా చేరాయి.

దర్పణాన్ని, దాని వంపులోని తేడాలను నీడలుగా చూపే 1858 నాటి ఫూకో పద్ధతిలో, గడ్డం గీసుకునే బ్లేడుతో, సూదిబెజ్జం దీపంతో ఇంటి వరండాలోనే పరీక్షించాను. ఈ కొలతల్లో గోళాకారానికీ, తారల వెలుగును ఒకే బిందువుకు చేర్చే పరావలయానికీ లోతులో ఉండే తేడా తలవెంట్రుక మందంలో నూరో వంతుకు కూడా రాదు. ఆ కాస్తనూ శ్రద్ధగానే దిద్దారని నీడలు చెప్పాయి. 120 రెట్ల వృద్ధిలో అభిజిత్ (వేగా) నక్షత్రం పక్కనున్న ఎప్సిలాన్ లైరే తార నాలుగు తారలుగా విడివడింది. మే నెలలో ఒక రాత్రి పది గంటల వేళ, రామతీర్థం దగ్గర పొలాల్లో, దక్షిణాన 24 డిగ్రీల ఎత్తుకే వచ్చే ఒమేగా సెంటారి తారాగుచ్ఛం అంచుల్లో విడి తారలు ఇసుక చల్లినట్టు కనిపించాయి. నేను చేత్తో అరగదీసిన గాజుకు ఆ యోగం పట్టలేదు.

నాభ్యంతరం (దర్పణం నుంచి ప్రతిబింబం ఏర్పడే చోటికి దూరం) 1200 మిల్లీమీటర్లని కిట్‌తో వచ్చిన కాగితంలో రాశారు. చంద్రబింబాన్ని బటర్ పేపరు మీద పట్టి టేపుతో కొలిస్తే 1183 తేలింది. వారి లెక్కన పీవీసీ గొట్టం కోసి ఉంటే ప్రతిబింబం 17 మిల్లీమీటర్లు లోపలికి ఏర్పడేది, ఫోకసర్ అంతవరకు దిగేది కాదు. కొలవకుండా కోసేవారికి ఇది చిన్న నష్టం కాదు.

అసలు ఫిర్యాదు ఫోకసర్ మీదే. ప్లాస్టిక్ పళ్లచక్రం వదులుగా ఉండి, మర తిప్పిన ప్రతిసారీ ఐపీస్ ఒక పక్కకు ఒరిగి శనిగ్రహం చూపులోంచి జారిపోయేది. చివరికి లేత్ షాపులో ఇత్తడి గొట్టం తిప్పించుకున్నాను; గొట్టాన్ని పైకీ కిందకీ, పక్కలకీ తిప్పనిచ్చే ప్లైవుడ్ డాబ్సోనియన్ పీఠం మా వడ్రంగి చేసినదే.

అల్యూమినియం పూతకు ఒక వానాకాలం గడిచినా మచ్చ పడలేదు. సముద్రపు తేమ తగిలే మన జిల్లాలో మూత బిగించి, సిలికా జెల్ పొట్లం వేయడం తప్పనిసరి. ఫోకసర్ వద్దంటే దర్పణాలు మాత్రమే పంపుతామని అమ్మకందారు తర్వాత చెప్పారు; కొనేవారు ముందే అలా అడగండి.