చెరుకు రసాన్నీ ‘డ్రింకు’ కింద లెక్కేశారు!

కైరోలో ఐదు రోజులున్నాం. పిరమిడ్లు, మ్యూజియం, నైలు మీద పడవ అన్నీ సాఫీగా జరిగిపోయాయి, వాటి గురించి రాయడానికేం లేదు. శనివారం సాయంత్రం మూడున్నర గంటలపాటు జరిగిన సంగతి మాత్రం చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు.

ముగ్గురం వెళ్లాం. నేను, మా ఆవిడ, వాళ్ల అన్న. మా బావ రాజంపేట మనిషి, పన్నెండేళ్లుగా కువైట్‌లో ఉంటున్నాడు. అక్కడ మందు నిషేధం. అందుకే ‘డౌన్‌టౌన్ వీధి తిండి, పాత బార్లు, కాలినడకన’ అన్న టూరు ఆన్‌లైన్‌లో కనపడగానే, మిగతా ఏ టూరూ చూడకుండా బుక్ చేసేశాడు. తలకి 55 డాలర్లు. మేం మార్చిన రోజు డాలరుకి 47 ఈజిప్టు పౌండ్లు, అంటే ముగ్గురికీ 7,755 పౌండ్లు. ఏడు రకాల తిండి, చారిత్రక బార్లలో రెండు డ్రింకులు, అన్నీ కలిపే అని రాశారు. మా ఆవిడ శనివారం నీచు ముట్టదని ఫారంలో స్పష్టంగా రాశాను.

తలాత్ హర్బ్ కూడలిలో, గ్రొప్పి అనే పాత కేఫ్ ముందు కలిశాడు గైడు కుర్రాడు. మాట చలాకీ, నడక ఇంకా చలాకీ. 1860ల్లో అప్పటి ఈజిప్టు పాలకుడు ఖెదివ్ ఇస్మాయిల్ పారిస్‌ని చూసి వచ్చి ఈ పేటని అలాగే కట్టించాడని నడుస్తూనే అప్పజెప్పేశాడు. తల పైకెత్తితే ఇనుప బాల్కనీలు, పూలచెక్కడాలు, వాటి మీద పెచ్చులూడిన సున్నం. 1908 నాటి కేఫ్ రిష్‌ని కూడా బయటి నుంచే చూపించాడు. రచయిత నగీబ్ మహ్‌ఫూజ్ కూర్చునే చోటు కదా, ఒక కాఫీ తాగుదామన్నాను. “షెడ్యూల్‌లో లేదు సార్” అన్నాడు.

మొదటి గొడవ హవావ్షీ దగ్గర. గుండ్రటి రొట్టె, పొయ్యిలో కాల్చి నాలుగు ముక్కలు కోసి కాగితంలో పెట్టిచ్చారు. “మేడమ్‌కి వెజిటేరియన్” అని ప్రత్యేకంగా చెప్పి ఇచ్చాడు. ఆవిడ కొరకబోయి, ఎందుకో ఆగి, రొట్టె పొరలు విడదీసి చూసింది. లోపల ఉల్లిపాయతో కలిపి అతికించిన కైమా. హవావ్షీ అంటేనే కైమా రొట్టె అని ఆ రాత్రి బావ చెప్పాడు, ముందే చెప్పొచ్చుగా! గైడేమో “కొంచమే మేడమ్” అన్నాడు. మా ఆవిడ ఏమీ అనలేదు. కాగితం మడిచి నా చేతిలో పెట్టింది. ఇరవై రెండేళ్ల కాపురంలో ఆ మడతకి అర్థం నాకు తెలుసు.

తర్వాత చెరుకు రసం. పెద్ద గాజు మగ్గుల్లో నురగ పొంగుతూ ఇచ్చారు, అమృతంలా ఉంది. తాగేశాక గైడు నోట్‌బుక్‌లో టిక్కు పెట్టుకుంటూ, “ఒక డ్రింకు అయింది” అన్నాడు. నాకు అర్థం కాలేదు. బావకి వెంటనే అర్థమైంది, మొహం మాడిపోయింది. ఇంకో గ్లాసు కావాలంటే ప్యాకేజీలో లేదు, 50 పౌండ్లవుతుందన్నాడు. గోడ మీద ధరల బోర్డుంది. నాకు ఒకటి, పక్కన సున్నా కనిపించాయి, పది పౌండ్లే కదా అన్నాను. బావ చెవిలో చెప్పాడు: “అది 15. వీళ్ల ఐదు మన సున్నాలా గుండ్రంగా ఉంటుంది. వీళ్ల సున్నా ఒట్టి చుక్క.” ఈజిప్టుకి వెళ్లేవాళ్లకి నా మొదటి సలహా ఇదే, ఆ పది అంకెలూ విమానంలోనే నేర్చుకోండి. అరగంట పని.

ఇక బార్లు. బాబ్ ఎల్-లూక్ పేటలో 1936 నాటి హొర్రెయ్యా బారుకి తీసుకెళ్తానని పేజీ మీద ఫొటోతో సహా వేశారు. “ఈరోజు మూసేశారు, రిపేర్లు” అని ఒక హోటలు మేడ మీదికి ఎక్కించాడు. ప్లాస్టిక్ తీగలు, రంగు లైట్లు, చెవులు చిల్లులు పడే పాటలు. ఇందులో చరిత్ర ఏదయ్యా అంటే, బిల్డింగు పాతదేనట! ఒక్కో స్టెల్లా బీరు వచ్చింది. బావ ఇంకో రెండు చెప్పాడు. మెనూలో 160 చొప్పున 320 అనుకున్నాం. దాని మీద సర్వీసు 12 శాతం, ఆ మొత్తం మీద పన్ను 14 శాతం, బిల్లు 409. లెక్కపెడితే తిండి కూడా ఐదు రకాలే అయ్యాయి. చివర్లో “టిప్పు తలకి పది డాలర్లు ఇస్తుంటారు” అని గుర్తు చేశాడు. మన బక్షీసు, వాళ్ల బక్షీష్, మాట ఒకటే గానీ వాళ్లది చెయ్యి చాపి అడిగే రకం. వంద పౌండ్లిచ్చి దణ్ణం పెట్టాను.

రాత్రి పదింటికి మా లాడ్జికి తిరిగొస్తూ ఫలకీ కూడలి దాటుతుంటే, మసక అద్దాల వెనక ట్యూబ్‌లైట్లు, జనం గోల. బావ బోర్డు చదివాడు. హొర్రెయ్యా. కిటకిటలాడుతోంది. రిపేరు మాకే జరిగిందన్నమాట.

ఆదివారం మేమే బయల్దేరాం. చాంపోలియన్ వీధిలో అబూ తారిక్ కోషరీతో మొదలు. 1950లో తోపుడుబండిగా మొదలైన దుకాణం, ఇప్పుడు అంతస్తుల మీద అంతస్తులు. అన్నం, మసూరు పప్పు, మాకరోనీ, శనగలు, పైన టమాటా పులుసు, కరకరలాడే ఉల్లిపాయ. పక్కన రెండు సీసాలు: వెల్లుల్లి-వెనిగర్ దక్కా, ఎర్రటి కారం శత్తా. శత్తా చెంచాతో పోసుకోకండి, చుక్కలు చాలు. మా కడప జిల్లా నాలుకలకే చెమట పట్టింది. కిచిడీ, పాస్తా ఒకే పళ్లెంలో ఏమిటని ముక్కు చిట్లించిన మా ఆవిడ, పళ్లెం ఖాళీ చేసి, ఆ ఉల్లిపాయ అంత సమంగా ఎలా వేయించారో చూడాలని వంటవాడి వైపు మెడ చాచింది. నిన్నటి కాగితం మడత అక్కడ విప్పుకుంది.

తర్వాత తామెయ్యా, అంటే వాళ్ల వడ. శనగలతో కాదు, ఫూల్ అనే ఒక రకం చిక్కుడు గింజలతో చేస్తారు. కొరికితే లోపల కొత్తిమీర పచ్చగా కనపడుతుంది, పైన నువ్వులు. మసాలా వడకి దగ్గరి చుట్టం. బావా నేనూ కిబ్దా, అంటే వెల్లుల్లి, పచ్చిమిరపతో పెనం మీద వేయించిన కాలేయం, మెత్తటి బన్నులో తిన్నాం.

చివరికి హొర్రెయ్యా. ఎత్తైన కప్పు, పసుపుబారిన గోడలు, అరిగిన బల్లలు. ఒక పక్క చదరంగం ఆడే ముసలివాళ్లు, అక్కడ బీరు ఉండదు, టీ మాత్రమే. మా ఆవిడ ధైర్యంగా అటే కూర్చుని ఆట చూసింది. ఇటువైపు, సీసా ఖాళీ కాగానే అడక్కుండానే ఇంకోటి వచ్చి పడుతుంది, వద్దంటే గట్టిగా చెప్పాలి. బావ కువైట్ అరబ్బీలో “ష్లోనక్” (ఎలా ఉన్నావ్) అని పలకరిస్తే వెయిటరు పగలబడి నవ్వి, “ఇక్కడ ఇజ్జయ్యక్ అనాలి” అని దిద్దాడు. రెండో సీసాకి బావ కళ్లు చెమర్చాయి. పొగ వల్ల అన్నాడు.

లెక్క: కోషరీ 180, తామెయ్యా నాలుగు 60, కిబ్దా నాలుగు 100, చెరుకు రసం 45, బీర్లు నాలుగు 400, టీ 15, అల్ అబ్ద్ మిఠాయి కొట్లో బస్బూసా (రవ్వ మిఠాయి) వగైరా 120, వెయిటరుకి 50. మొత్తం 970 పౌండ్లు. నిన్నటిదాంట్లో ఇంచుమించు ఎనిమిదో వంతు. ఆడవాళ్లు వెంట ఉన్నా రాత్రి పదకొండు దాకా ఇబ్బంది పడలేదు, రోడ్డు దాటడం తప్ప. దానికి కోఠీలో తిరిగిన అనుభవం చాలు.

సోమవారం పొద్దున టూరు వాళ్ల నుంచి మెసేజ్: మాకు అయిదుకి ఎన్ని మార్కులిస్తారు?

“సున్నా పెట్టండి” అంది మా ఆవిడ.

“ఆగమ్మా, గుండ్రంగా పెడితే వాళ్లకి అయిదులా కనిపిస్తుంది” అన్నాడు బావ.

ఒట్టి చుక్క పెట్టి పంపాను.