ట్రాక్టర్ టైర్లలో నీళ్లు పట్టిస్తున్నారా? దగ్గరుండి చూసుకోండి

గుంటూరు, విజయవాడ చుట్టుపక్కల రైతులు ఇది తప్పకుండా చదవండి. ఒక టైర్ల షాపులో మా ట్రాక్టర్‌కి వెనక టైర్లు మార్పించి, బరువు కోసం మామూలు నీళ్లు పట్టమని చెప్పాం. వాళ్లు మాతో ఒక్క మాట కూడా అనకుండా కాల్షియం క్లోరైడ్ అనే ఉప్పు మందు కలిపిన నీళ్లు పట్టేసి, బిల్లులో ‘లిక్విడ్’ అని రాసి అదనంగా డబ్బులు గుంజారు.

అడిగితే ‘నీళ్లకంటే బరువెక్కువండీ, ఫారిన్‌లో ఇదే వాడతారు’ అన్నారు. బరువెక్కువన్నది నిజమే. కానీ అక్కడ వాడేది ముఖ్యంగా చలికి టైర్లో నీళ్లు గడ్డకట్టకుండా. మన కృష్ణా, గుంటూరుల్లో నీళ్లు గడ్డకట్టేంత చలి ఎప్పుడు చూశాం?

ట్యూబ్ బాగున్నంతకాలం ఏమీ తెలియదు. పంక్చర్ పడి టైరు విప్పాకే మాకు జరిగిన నష్టం బయటపడింది. వాల్వ్ దగ్గర సన్నగా కారుతూ తెల్లగా ఉప్పు పేరుకుపోయింది. వాల్వ్ రంధ్రం చుట్టూ రిమ్ తుప్పు పట్టి, గోటితో గీకితే పొరలు పొరలుగా లేస్తోంది. కింద కారిన నీళ్లు మండే ఎండలో కూడా ఆరలేదు, సాయంత్రానికీ గచ్చు తడిగానే ఉంది. ఆ మందు గాలిలోని తేమను లాక్కుంటుంది, ఇనుమును ఆరనివ్వదు. ట్యూబుతో పాటు రిమ్ ఖర్చు కూడా మా నెత్తినే పడింది.

మీ టైర్లో ఏముందో అనుమానముంటే వాల్వ్ పైకి కాకుండా కిందికి వచ్చేలా చక్రం తిప్పి, రెండు చుక్కలు ప్లేటులో పట్టి ఎండలో పెట్టండి. మంచి నీళ్లయితే ఆరిపోతాయి. కళ్లలో మాత్రం పడనివ్వకండి. ఆ మందే అని తేలితే మొత్తం దించేసి, రిమ్ బాగా కడిగించి, తుప్పు గీకించి రెడాక్సైడ్ (తుప్పు పట్టకుండా వేసే రంగు) వేయించండి.

కొత్తగా పట్టించేటప్పుడు చక్రం జాకీ మీద లేపి, వాల్వ్ పైకి ఉంచి, దాని మట్టం వరకే నీళ్లు పట్టాలి. అంటే ముప్పావు వంతు నీళ్లు, మిగతాది గాలి. నిండా పట్టేస్తే టైరుకి సాగే గుణం పోతుంది. దమ్ములో, అంటే బురద దున్నేటప్పుడు, ట్రాక్టర్ దిగబడుతుంటే ఈ బరువు దించేయడమే మేలు.

బిల్లులో ‘మామూలు నీళ్లు’ అని రాయించుకోండి. మోసం జరిగితే వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, ఆ బిల్లు అక్కడ పనికొస్తుంది.