రాస్ప్‌బెర్రీ పై 4: మా ల్యాబ్‌లో మూడేళ్ల వాడకం తర్వాత

రాస్ప్‌బెర్రీ పై 4 అంటే అరచేతిలో పట్టే చిన్న కంప్యూటర్ బోర్డు, పొట్టిగా 'పై' అంటాం. మా పాలిటెక్నిక్ ఎలక్ట్రానిక్స్ ల్యాబ్‌లో ఇవి ఆరు ఉండేవి, అన్నీ 4 జీబీ ర్యామ్‌వి. మూడేళ్లుగా ఫైనలియర్ పిల్లల ప్రాజెక్టులు వీటి మీదే నడుస్తున్నాయి. ఇన్నాళ్లలో పోయింది ఒక్క బోర్డే. తలనొప్పులు మాత్రం ఛార్జరు వల్ల, మెమరీ కార్డు (బోర్డుకు హార్డ్‌డిస్క్ లాంటిది) వల్ల కావలసినన్ని వచ్చాయి.

దీనికి 5 వోల్టుల దగ్గర 3 ఆంపియర్లు ఇచ్చే టైప్-సి అడాప్టర్ కావాలి. డబ్బులు మిగులుతాయని మేం పాత ఫోన్ ఛార్జర్లు పెట్టాం. బోర్డు చక్కగానే ఆన్ అయ్యేది. యూఎస్‌బీ కెమెరా తగిలించగానే స్క్రీన్ మూల మెరుపు గుర్తు, కాసేపటికి రీస్టార్ట్. ఒక బ్యాచ్ రెండు వారాలు ప్రోగ్రాంలో తప్పు వెతికింది. తీరా చూస్తే సన్నటి కేబుల్ వల్ల బోర్డుకి అందేది 4.63 వోల్టుల కన్నా తక్కువ; ఆ గుర్తు చెప్పేది అదే. పరీక్షల టెన్షన్‌లో దాన్ని ఎవరు పట్టించుకుంటారు?

ఇక కార్డు. ఊళ్లో చవగ్గా దొరికాయని 64 జీబీ కార్డులు నాలుగు కొన్నాను. అన్నీ డూప్లికేట్. కొంతవరకు బాగానే రాసేవి, ఆ తర్వాత రాసిందల్లా గల్లంతు. ఇప్పుడు ఏ కార్డునైనా ముందు నిండా రాసి, తిరిగి చదివి చూశాకే బోర్డులో పెడుతున్నాం. మంచి కార్డైనా, రాస్తుండగా కరెంటు పోతే పాడవ్వచ్చు. మా ఊళ్లో వేసవిలో అది రోజూ ఉండేదే. అందుకే ప్రాజెక్టు పూర్తయ్యాక బోర్డు సెట్టింగులు మార్చే రాస్పీ-కాన్ఫిగ్‌లో ఓవర్‌లే ఫైల్ సిస్టమ్ ఆన్ చేస్తాం. ఇక కార్డు మీద ఏదీ రాయదు, నేరుగా స్విచ్ తీసేసినా భయం లేదు. రీడింగులు దాచుకోవాలంటే మాత్రం పెన్‌డ్రైవ్ పెట్టుకోవాలి.

ఓఎస్ ఎక్కించడం సులువే. కార్డు మీద ఓఎస్ రాసే ఇమేజర్ ప్రోగ్రాంలోనే యూజర్ పేరు, వైఫై, ఎస్ఎస్‌హెచ్ (వేరే కంప్యూటర్ నుంచి బోర్డులోకి లాగిన్ అయ్యే పద్ధతి) పెట్టేస్తే మానిటర్ అక్కర్లేదు. కానీ కాలేజీ వైఫైకి బ్రౌజర్‌లో లాగిన్ పేజీ వస్తుంది, స్క్రీన్ లేని బోర్డు అక్కడే ఆగిపోతుంది. చివరికి నా ఫోన్ హాట్‌స్పాటే దిక్కైంది. ఇంకోటి, పాత వీడియోల్లో చెప్పిన, పైథాన్ లైబ్రరీలు ఎక్కించే పిప్ ఇన్‌స్టాల్ కమాండ్ 2023లో వచ్చిన బుక్‌వార్మ్ ఓఎస్‌లో అలాగే కొడితే ఎర్రర్ వస్తుంది. ముందు వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఆ ప్రాజెక్టు లైబ్రరీలకు విడిగా ఒక ఫోల్డర్) చేసుకోవాలి.

పోయిన ఆ ఒక్క బోర్డు సంగతి: దూరం కొలిచే హెచ్‌సీ-ఎస్ఆర్04 సెన్సర్‌లో జవాబు సిగ్నల్ ఇచ్చే ఎకో పిన్ 5 వోల్టులు పంపుతుంది, రాస్ప్‌బెర్రీ పై పిన్నులు తట్టుకునేది 3.3 మాత్రమే. మధ్యలో వోల్టేజీ తగ్గించేలా రెండు రెసిస్టర్లు పెడితే సరిపోయేది. పెట్టారో లేదో చూడకుండా ఆన్ చేయమన్నది నేనే, కాబట్టి పిల్లల్ని ఏమీ అనలేకపోయాను.

రొయ్యల చెరువు ప్రాజెక్టులో అసలు లోటు తెలిసింది. నీటి వేడి చూసే డీఎస్18బీ20 సెన్సర్ 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ ఒక్కదానితో వెంటనే పనిచేసింది. నీటి ఆమ్ల, క్షార గుణం కొలిచే పీహెచ్ ప్రోబ్ మాత్రం అనలాగ్, అంటే కొలతను పెరిగే తగ్గే వోల్టేజీగా పంపుతుంది. రాస్ప్‌బెర్రీ పైలో అనలాగ్ చదివే పిన్నే లేదు, ఆ వోల్టేజీని అంకెలుగా మార్చే ఎంసీపీ3008 చిప్ విడిగా కొనాలి. గట్టు మీద ఇంటర్నెట్ లేదు, బోర్డులో గడియారం బ్యాటరీ లేదు. కరెంటు పోయి వచ్చాక టైము ఆగిన చోటి నుంచే మొదలైంది. ఫైల్ చూస్తే తెల్లవారుజామున తీసిన రీడింగులకు ముందురోజు రాత్రి టైము పడి ఉంది. బ్యాటరీతో టైము గుర్తుంచుకునే డీఎస్3231 గడియారం మాడ్యూల్ పెట్టాక గానీ కుదుటపడలేదు.

నిజానికి ఆ పనికి రాస్ప్‌బెర్రీ పై అక్కర్లేదు, ఈఎస్‌పీ32 అనే చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డు చాలు. దానిలో అనలాగ్ పిన్నులున్నాయి, ధరా చాలా తక్కువ. కెమెరాతో ముఖాలు గుర్తించడం, చిన్న వెబ్‌సర్వర్ లాంటి వాటికైతే నేను ఇప్పటికీ పై 4నే ఇస్తాను. ఫ్యాన్ మాత్రం తప్పనిసరి. 80 డిగ్రీలు దాటితే వేగం తగ్గించేసుకుంటుంది, మే నెలలో మా ల్యాబ్‌లో అది పెద్ద దూరం కాదు. ఈ ఏడాది చెరువు బ్యాచ్‌కి ఈఎస్‌పీ32లు ఇచ్చాను. మిగిలిన అయిదు పైలూ కెమెరా బ్యాచ్‌ల దగ్గరున్నాయి, ఒక్కోదానికీ దాని అడాప్టర్‌ను ట్యాగ్‌తో కట్టేసి మరీ ఇచ్చాను.