మీ బ్లైండ్లకు ఓనర్ ఎవరో ఇప్పుడే చూసుకోండి

నిన్న రాత్రి తొమ్మిదిన్నరకు మా ఇంట్లో నాలుగు మోటారు బ్లైండ్లూ, అంటే పైకి చుట్టుకునే కిటికీ తెరలు, వాటంతటవే పైకి లేచాయి. ఇప్పుడు ఉదయం ఏడు. నాలుగు కిటికీలకూ దుప్పట్లు వేలాడుతున్నాయి. నిద్ర లేదు, కోపం దిగలేదు, తప్పులుంటే సర్దుకుని చదవండి.

ఎవరి దగ్గర వేయించామో పేరు రాయను. రాయక్కర్లేదు కూడా. మన మియాపూర్ వైపు అపార్ట్‌మెంట్ గ్రూపులన్నిట్లో పొద్దున్నే గుడ్ మార్నింగ్ పువ్వుతో పాటు "పడమటెండకు మా పూచీ" అని పోస్టర్ పెట్టే ఆయనే. ఆయన అని ఇక్కడి వరకే. ఇకమీదట వాడు అనే రాస్తాను.

సంగతి చాలామందికి తెలిసిందే. వాస్తు చూసి తూర్పు గుమ్మం కొనుక్కున్నాం, దాంతోపాటు హాలుకి పడమటి బాల్కనీ ఉచితంగా వచ్చింది. మధ్యాహ్నం రెండు దాటితే సోఫా కాలుతుంది. అత్తగారికి మోకాళ్ల నొప్పులు, సోఫా వెనక్కి వెళ్లి గొలుసు లాగలేరు. మోటారు బ్లైండ్లు వేయిద్దామన్నది నేనే. మా ఆయన ఒకే మాట అన్నారు, "తాడు లాగితే దిగేదానికి యాప్ ఎందుకు?" అని. మీకేం తెలీదు ఊరుకోండి అన్నాను. ఆ మాట ఇప్పుడు ఇంట్లో రోజుకి రెండుసార్లు వినపడుతోంది.

మొత్తం ఎనభై ఆరు వేలు. హాల్లో మూడు, అత్తగారి గదిలో ఒకటి. అరవై వేలు ముందే యూపీఐలో పంపాను. బిల్లు అడిగితే "జీఎస్టీ లేకుండా చేస్తే మీకే మిగులుద్ది మేడమ్" అన్నాడు. మిగిలింది, చూస్తున్నారుగా.

చెప్పింది కరెంటు వైరుతో నడిచే మోటారు. తెచ్చింది బ్యాటరీ మోటారు. "వైరింగ్ అంటే గోడ పగలగొట్టాలి, ఇది ఆరు నెలలకోసారి ఛార్జింగ్ పెడితే చాలు" అన్నాడు. బాల్కనీ పక్క మోటారు మూడు వారాలకే మూలిగింది. "మ్యాటర్ కూడా ఉంది మేడమ్" అన్నాడు. అప్పటికి నాకు మ్యాటర్ అంటే విషయం అనే తెలుసు, విషయమున్న సరుకు కాబోలు అనుకుని తలూపాను. నిన్న రాత్రి మా అక్క కొడుకు ఫోన్లో చెప్పాడు, అది 2022లో వచ్చిన ఒక ప్రమాణమనీ, ఏ కంపెనీ పరికరమైనా ఏ యాప్‌తోనైనా మాట్లాడుకోవడానికి పెట్టారనీ, ఉంటే డబ్బా మీద దాని గుర్తు ఉంటుందనీ. స్టూలేసుకుని అటక మీంచి డబ్బాలు దింపి చూశాను. ఒక్కదాని మీదా లేదు.

మాకు బిగించినవి 433 మెగాహెర్ట్జ్ రేడియోతో నడిచే రకం. యాప్‌లో నొక్కింది మోటార్లకి చేరవేసే చిన్న డబ్బా ఒకటి గోడకి పెట్టాడు, దాన్నే హబ్ అంటారు. అది కేకేస్తుంది, మోటారు వింటుంది. విన్నాను అని తిరిగి చెప్పదు. కాబట్టి బ్లైండు పైనుందో కిందుందో యాప్‌కి తెలీదు, చివరిసారి నేను ఏం నొక్కానో అదే చూపిస్తుంది. అటు తిరిగి చెప్పే మోటార్లు కూడా దొరుకుతాయట, కాస్త ఖరీదు ఎక్కువట. ఆ "కాస్త" ఎవరి జేబులోకి వెళ్లిందో మీరే ఊహించుకోండి.

బిగించిన రోజు వాడు నన్ను మా వై-ఫై పాస్‌వర్డ్ అడిగాడు. చదివి వినిపించాను, క్యాపిటల్ ఏదో స్మాల్ ఏదో కూడా విడమరిచి. ఈ హబ్‌కి 2.4 గిగాహెర్ట్జ్ వై-ఫైయే పనికొస్తుందని రౌటర్లో 5 గిగాహెర్ట్జ్‌ది ఆపించాడు, అదీ ఆపాను. "ముందు నా ఫోన్లో పెట్టి చూసి తర్వాత మీకు షేర్ చేస్తా" అన్నాడు. షేర్ చేశాడు. నా ఫోన్లో నాలుగు బొమ్మలు కనిపించాయి, నొక్కితే బ్లైండ్లు కదిలాయి, మురిసిపోయాను. వెళ్తూ వెళ్తూ రిమోట్ కూడా పట్టుకుపోయాడు, "నాలుగూ ఒకే రిమోట్‌లోకి ప్రోగ్రామ్ చేసి పంపిస్తా" అని. నెలైంది.

నేను పనిచేసేది బ్యాంకులో. రోజూ కౌంటర్ దగ్గర పెద్దవాళ్లకి "ఎవరడిగినా పాస్‌వర్డ్ చెప్పకండి బాబాయ్‌గారూ" అని చెప్పి చెప్పి గొంతు పోయింది. చెప్పేవాళ్లు ముందు తమకి తాము చెప్పుకోవాలి మరి.

ఇరవై ఆరు వేలు బాకీ ఉన్నమాట నిజం. అత్తగారి గదిలోదీ, హాల్లో ఒకటీ కింద దాకా రాకుండా జానెడు పైనే ఆగుతున్నాయి. ఆ జానెడు సందులోంచే మూడింటి ఎండ సరిగ్గా ఆవిడ ముఖం మీద పడుతుంది. కింది లిమిట్, అంటే దిగి ఎక్కడ ఆగాలో అది, సరిచేయడం పది నిమిషాల పని. ఇరవై రోజులుగా "రేపు" అంటున్నాడు. నిన్న సాయంత్రం బ్యాలెన్స్ ఎప్పుడని మెసేజ్ పెట్టాడు. లిమిట్ సెట్ చేయండి, అదే నిమిషంలో పంపిస్తాను అని జవాబిచ్చాను. చూసినట్టు నీలం టిక్కులు వచ్చాయి. అంతే.

తొమ్మిదిన్నరకు నేనూ అత్తగారూ భోజనాల దగ్గర ఉన్నాం. మా ఆయన విజయవాడలో ఉన్నారు, పని మీద. నేను నైటీలో ఉన్నాను, చేతిలో పప్పుచారు గిన్నె. గుయ్‌మని మోటార్ల చప్పుడు, హాల్లో మూడు బ్లైండ్లూ ఒక్కసారి చుట్టుకుంటూ పైకి పోయాయి, అడుగునున్న కమ్మీలు పైన ఠక్కుమని తగిలాయి. లోపలి గదిలోంచి కూడా అదే చప్పుడు. ఇంటి నిండా లైట్లు. ఎదురు బ్లాకులో బాల్కనీ పిట్టగోడ మీద మోచేతులు ఆనించి ఫోన్ మాట్లాడుతున్న కుర్రాడు ఇటు తిరిగి చూశాడు. యాప్ తెరిచాను. నాలుగూ "మూసి ఉన్నాయి" అని చూపిస్తోంది, పక్కన ఆకుపచ్చ గుర్తుతో సహా.

దించమని నొక్కాను. సగం దిగాయి, ఆగి మళ్లీ లేచాయి. ఇంకోసారి నొక్కాను. మళ్లీ లేచాయి. అత్తగారు చెయ్యి కడుక్కోకుండానే నిలబడి "కిటికీలు ఎవరితో పోట్లాడుతున్నాయే?" అన్నారు. అప్పుడు వెలిగింది నాకు, అవతల ఎవరో నొక్కుతున్నారని.

ఫోన్ చేశాను. మొదటి రింగుకే ఎత్తాడు, ఇరవై రోజుల్లో మొదటిసారి. "ఏంటండీ ఇది, బ్లైండ్లు లేస్తున్నాయి" అన్నాను. వెనక టీవీ సౌండు. చిన్నగా నవ్వాడు.

"బ్యాలెన్స్ వేయండి మేడమ్, దిగుతాయి."

ఒక్క క్షణం నాకు మాట రాలేదు. లైట్లు వెలుగుతున్నాయండీ, ఆడవాళ్లమే ఉన్నాం ఇంట్లో అన్నాను. నిజంగా అలాగే అన్నాను, బతిమాలినట్టు, నా ఇంట్లో నిలబడి, నా డబ్బుతో కొన్న కిటికీ తెర కోసం. వాడు తాపీగా "లైట్లు ఆపేసుకోండి" అన్నాడు. నేను గొంతు పెంచేసరికి "మీకు టెక్నికల్‌గా అర్థం కాదు మేడమ్, సార్‌కివ్వండి ఫోన్" అన్నాడు. అరవై వేలు పంపిన రోజు మాత్రం సార్‌ని అడగలేదు, నాకు అన్నీ అర్థమయ్యాయి ఆ రోజు.

లైట్లు ఆపాను. చీకట్లో తడుముకుంటూ వెళ్లి హబ్ ప్లగ్ పీకేశాను. వాడి పెత్తనం పోయింది, నాదీ పోయింది. రిమోట్ లేదు, గొలుసు లేదు, బ్లైండ్లు పైనే ఉండిపోయాయి. చేత్తో లాగబోతే అత్తగారు ఆపారు, గుడ్డ చిరుగుతుందని. ఇద్దరం కలిసి బట్టల క్లిప్పులతో కర్టెన్ రాడ్లకి దుప్పట్లు తగిలించాం. ఎనభై ఆరు వేల స్మార్ట్ హోమ్‌లో చివరికి పనిచేసింది పది రూపాయల క్లిప్పులు.

అక్క కొడుకు చెప్పినదాన్ని బట్టి, నేను అనుకున్నట్టు ఆ యాప్ నాది కానే కాదట. ఖాతా వాడి ఫోన్ నంబరు మీద ఉంది. వాడు ఓనర్, నేను చుట్టం. వాడికి బుద్ధి పుట్టినప్పుడు నన్ను తీసేయొచ్చు, ఊళ్లో ఎక్కడ కూర్చునైనా మా కిటికీలు తెరవొచ్చు. ప్లగ్ పీకే ముందు నా యాప్‌లో కొత్తగా నా పేరు మీద చేర్చడానికి ప్రయత్నించాను, ఈ పరికరం వేరే ఖాతాలో ఉంది అని వచ్చింది. ఇలా వాడి ఫోన్లో ఎన్ని ఇళ్లు ఉన్నాయో మరి.

ఇంకాసేపట్లో 1915కి, అదే వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేస్తాను. అప్పటికీ వాడు దిగిరాకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కే వెళ్తాను, ఐదు లక్షల లోపు కొన్నవాటికి ఫీజు కూడా లేదు. రాత్రి మాటలు రికార్డు కాలేదు, అదొక్కటే దిగులు. మెసేజీలు, యూపీఐ రశీదు ఉన్నాయి. బిల్లు లేదని మళ్లీ గుర్తుచేయకండి, మా ఆయన ఆ పని చూసుకుంటున్నారు.

వేయించుకోబోయేవాళ్లకి, తొందరలో తోచినవి: ఖాతా మీ నంబరు మీద, మీ ఫోన్లోనే తెరిపించండి, వాడికి కావాలంటే మీరు షేర్ చేయండి, పనయ్యాక తీసేయండి. రిమోట్ చేతికి రాకుండా రూపాయి కూడా ఎక్కువ ఇవ్వకండి. ఇంటీరియర్ పని ఇంకా జరుగుతుంటే కిటికీ పైన కరెంటు పాయింట్ ఇప్పుడే పెట్టించుకోండి, తర్వాత గోడ పగలగొట్టాలన్న సాకు చెప్పడానికి ఉండదు. నెట్ లేనప్పుడు ఎలా దించాలో ఎదురుగా చేసి చూపించమనండి.

వాడి దగ్గరే వేయించుకున్నవాళ్లు యాప్‌లో ఓనర్ అని ఎవరి పేరుందో ముందు చూడండి, మిగతావి తర్వాత మాట్లాడుకుందాం. ఇంకొకటి. మోటారు చివర ఉన్న చిన్న బటన్ పట్టి నొక్కితే అంతకుముందు కలిపిన రిమోట్లనీ హబ్‌నీ అన్నిటినీ మరిచిపోతుందట, అదే రకం రిమోట్ దేన్నైనా కొత్తగా కలపొచ్చట, లిమిట్లు మాత్రం మళ్లీ పెట్టుకోవాలట. అక్క కొడుకు ఆదివారం వస్తాడు. మీలో ఎవరి దగ్గరైనా ఆ తెల్ల రిమోట్ ఖాళీగా ఉంటే ఒక్క రోజు అప్పివ్వండి. సెల్లు నేనే వేసుకుంటాను.