'స్కై క్యాజిల్', 'క్రాష్ కోర్స్ ఇన్ రొమాన్స్': చదువుల ఒత్తిడిని చూపడంలో ఏది మేలు?

తల్లిదండ్రుల ఆశలు పిల్లల మెడకు గుదిబండలైన తీరును కథావస్తువుగా తీసుకున్న కొరియా ధారావాహికల్లో రెండు బాగా పేరు తెచ్చుకున్నాయి. మొదటిది 2018 నవంబరు నుంచి 2019 ఫిబ్రవరి వరకు జేటీబీసీ ఛానల్‌లో 20 భాగాలుగా వచ్చిన 'స్కై క్యాజిల్'. రెండవది 2023లో టీవీఎన్‌లో 16 భాగాలుగా ప్రసారమై, నెట్‌ఫ్లిక్స్ ద్వారా ఇతర దేశాలకు చేరిన 'క్రాష్ కోర్స్ ఇన్ రొమాన్స్'. రెండూ ఒకే రోగం గురించి చెబుతున్నా, తప్పు ఎవరిదని వేలెత్తి చూపే చోట వేరుపడతాయి. ఆ తేడాను బట్టే నా మొగ్గు 'స్కై క్యాజిల్' వైపు. కారణాలు వివరించాలంటే కథలోని మలుపులు బయటపెట్టక తప్పదు కనుక, ఇంకా చూడనివారు ఆ సంగతి దృష్టిలో ఉంచుకోవాలి.

కొరియాలో విశ్వవిద్యాలయంలో సీటు దొరకడానికి ప్రధానంగా రెండు దారులున్నాయి. ఏటా నవంబరులో ఒక్క రోజున జరిగే సునుంగ్ అనే జాతీయ పరీక్షలో వచ్చే మార్కులు ఒక దారి. ఉన్నత పాఠశాల పరీక్షల మార్కులతో పాటు విద్యార్థి సంఘ పదవులు, సేవా కార్యక్రమాలు, ఉపాధ్యాయుల అభిప్రాయాలు అన్నీ కలిపి తూచే పద్ధతి రెండవ దారి. 'స్కై క్యాజిల్' ఈ రెండవ దారి మీదే నడుస్తుంది. కేవలం పుస్తకం బట్టీపడితే సరిపోని ఈ పద్ధతిలో డబ్బున్న తల్లికి ఎన్ని పనులు దొరుకుతాయో, బిడ్డ జీవితంలో ఏ మూలకైనా ఆమె చెయ్యి ఎలా చేరుతుందో ఈ ధారావాహిక చాలా వివరంగా చూపించింది. సియోల్ జాతీయ విశ్వవిద్యాలయంలో వైద్యవిద్య సీటు కోసం కూతురు యే-సోను తయారుచేస్తున్న తల్లి హాన్ సో-జిన్, కిమ్ జూ-యంగ్ అనే సమన్వయకర్తను కుదుర్చుకుంటుంది. ఏ పోటీకి వెళ్లాలి, ఏ స్నేహాన్ని తెంచుకోవాలి అన్నవి కూడా ఆ సమన్వయకర్తే నిర్ణయిస్తుంది. యే-సో ఇంట్లో ఒక చెక్క గూడు ఉంటుంది. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంటే కుర్చీ, బల్ల, దీపం తప్ప మరేమీ కనిపించవు. ధారావాహిక ప్రసారమవుతుండగానే కొరియాలో అలాంటి గూళ్లకు గిరాకీ పెరిగిందంటే, హెచ్చరికగా చూపిన వస్తువును కూడా తల్లిదండ్రులు ఎలా అందిపుచ్చుకుంటారో తెలుస్తుంది. నాకు ఇది కథలోని ఏ మలుపుకన్నా ఎక్కువ భయం కలిగించిన సంగతి.

'క్రాష్ కోర్స్' ప్రపంచం వేరు. అక్కడ కేంద్రబిందువు హాగ్వన్, అంటే ప్రైవేటు కోచింగ్ సంస్థ. గణితం చెప్పే చోయ్ చి-యోల్‌కు సినిమా తారకున్నంత పేరు. అతని తరగతిలో ముందు వరుస దొరకడం కోసం తల్లులు వరుసల్లో నిలబడి, తలుపులు తెరవగానే పరుగులు తీస్తారు. వారిలో ఒకరు నామ్ హేంగ్-సన్. ఒకప్పుడు జాతీయ హ్యాండ్‌బాల్ క్రీడాకారిణి అయిన ఆమె, తమ్ముడిని, అక్క వదిలి వెళ్లిన బిడ్డ హే-ఇని సాకడం కోసం ఆట మానుకుని వండిన కూరలు అమ్మే దుకాణం నడుపుతూ ఉంటుంది. ఆ కోచింగ్ సంస్థలోని ప్రత్యేక బృందానికి పరీక్ష రాసి ఎంపికైన హే-ఇని ఇతర తల్లుల ఒత్తిడి వల్ల తొలగించిన ఘట్టం ఈ ధారావాహిక మొత్తంలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది. 'స్కై క్యాజిల్' తల్లులు ఎక్కువమంది భవంతుల్లో ఉండేవారు; వారి పోటీ తమలో తమకే. దుకాణం మూసి, చేతులు తుడుచుకుని వచ్చిన ఒక తల్లికి ఆ ద్వారం ఎలా మూసుకుంటుందో చూపినది మాత్రం 'క్రాష్ కోర్సే'. ఈ విషయంలో దానిదే పైచేయి.

రెండింటినీ సరిపోల్చడానికి అన్నిటికన్నా అనువైన చోటు ప్రశ్నపత్రం బయటికి పొక్కడం. ఇది రెండు కథల్లోనూ ఉంది. పాఠశాల పరీక్షల బాధ్యత చూసే ఉపాధ్యాయుడే అక్కడ చదివే తన కవల కుమార్తెలకు జవాబులు చేరవేశాడన్న కేసు సియోల్‌లో 2018లో పెద్ద దుమారం రేపింది, తర్వాత ఆయనకు జైలు శిక్ష కూడా పడింది కనుక, ఇది గాలిలోంచి పుట్టించిన కల్పన అనలేము. 'క్రాష్ కోర్స్'లో న్యాయవాది అయిన ఒక తల్లి దొడ్డిదారిన సంపాదించిన ప్రశ్నలను కొడుకు సన్-జేకు ఇస్తుంది. అతను అది తెలియక హే-ఇతో పంచుకుంటాడు. నిజం తెలిశాక ఆ ఇద్దరు పిల్లలు పడే నలుగుబాటు బాగానే ఉంది. అయితే కథ అంతటితో ఆ తల్లిని పక్కకు పెట్టి ప్రేమకథలోకి వెళ్లిపోతుంది.

'స్కై క్యాజిల్'లో సమన్వయకర్త యే-సోకు చేరవేసిన ప్రశ్నపత్రం ఒక ప్రాణం తీస్తుంది. దాని గుట్టు తెలుసుకున్న హే-నా అనే అమ్మాయి మేడ మీది నుంచి పడి మరణిస్తుంది. ఆ నేరం అమాయకుడైన పక్కింటి పిల్లవాడు వూ-జూ మీద పడుతుంది. జరిగింది ఏమిటో హాన్ సో-జిన్‌కు అర్థమవుతుంది. నోరు విప్పితే వూ-జూ విడుదలవుతాడు, కానీ తన కూతురి మార్కులన్నీ పోతాయి. ఆమె వెంటనే నోరు విప్పదు. ఆ తటపటాయింపును దర్శకుడు కెమెరా తిప్పకుండా చూపించాడు. సమన్వయకర్త ఎంత క్రూరురాలైనా, ఆమెను ఇంటికి పిలిచి, కాళ్లు పట్టుకుని నిలుపుకున్నది తల్లే అన్న మాట మరువనివ్వడు. పైగా హే-నాను ఆస్పత్రికి తెచ్చినప్పుడు, యే-సో తండ్రి అయిన శస్త్రవైద్యుడు పెద్దల మెప్పు కోసం మరొకరి శస్త్రచికిత్సకు ముందు వెళ్తాడు. ఆ అమ్మాయి తన కన్నబిడ్డేనని తర్వాతే తెలుస్తుంది. జీవితమంతా తన తల్లి చెప్పినట్టు మొదటి ర్యాంకుల వెంట నడిచిన ఆ మనిషి, జుట్టు నెరిసే వయసులో ఆమె ముందు నిలబడి ఏడ్చే సన్నివేశాన్ని ప్రతి తండ్రీ చూడాలని మనస్ఫూర్తిగా కోరుకుంటాను.

లోపాలు రెండింటికీ ఉన్నాయి. 'క్రాష్ కోర్స్'లో ఇనుప గుండ్లతో దాడులు చేసే హంతకుడి కథ అనవసరంగా చొరబడి, చదువుల విషయాన్ని పలచన చేసింది. 'స్కై క్యాజిల్' చివరి భాగంలో అందరూ ఒక్కసారిగా మంచివారైపోవడం అప్పట్లోనే ప్రేక్షకులను నొప్పించింది. తొలి భాగానికి 1.7 శాతంగా ఉన్న రేటింగు చివరికి 23 శాతం దాటిన ధారావాహిక అది; ఆ ముగింపు దాని స్థాయికి తగలేదు. కొరియాలో బడి బయటి ప్రైవేటు చదువుల మీద జనం పెట్టిన ఖర్చు 2018లో దాదాపు 19.5 లక్షల కోట్ల వోన్లు కాగా, 2022 నాటికి 26 లక్షల కోట్లకు చేరింది, అదీ బడిపిల్లల సంఖ్య తగ్గుతుండగా. తెరమీద మారినంత సులువుగా బయట ఎవరూ మారలేదు.

మన రాష్ట్రాల్లో ఇంటర్ కార్పొరేట్ కళాశాలల్లో పిల్లల్ని చేర్పించే తల్లిదండ్రులకు ఈ కథల్లో అర్థంకానిది ఏమీ ఉండదు. పెద్దలు ముందు 'స్కై క్యాజిల్' చూడాలి. మొదటి భాగంలోనే ఒక తల్లి ఆత్మహత్య ఉంది కనుక, పరీక్షల దిగులులో ఉన్న పిల్లలను దాని ముందు ఒంటరిగా కూర్చోబెట్టకూడదు. పిల్లలతో కలిసి చూసేందుకు 'క్రాష్ కోర్స్' నయం, ముఖ్యంగా మొదటి ఎనిమిది భాగాలు.